ఆఖరి మేత

"చచ్చిన మనిషి ఒక్కడు. చచ్చిన చేపలు లక్షా ఎనభై వేలు. నువ్వు ఆ ఒక్కడి కోసం వచ్చావు, నేను వాటన్నింటి కోసం వచ్చాను. ఎలా చూసినా కేసు నాదే," అన్నాడు కెప్టెన్ హాల్వర్సన్.

అతను చేపల శాఖ పోలీసు. చొక్కా మీద ముడత ఉండదు, ముఖం మీద నిద్రలేమి ఉండదు. ఎవరు చచ్చినా నున్నగా గడ్డం గీసుకుని గానీ రాడు.

"చేపలు వాంగ్మూలం ఇస్తే నువ్వు రాసుకో కెప్టెన్. మనిషి సంగతి నాకొదిలెయ్," అన్నాడు ప్రూట్.

ఎల్డన్ ప్రూట్ షెరిఫ్ ఆఫీసు డిటెక్టివ్. యాభై దాటాయి. ప్రమోషన్ రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి పక్కింటికి పోయింది. స్కోకా ఏటి ఒడ్డున పుట్టి, చేపపిల్లల్ని పెంచే ఈ హేచరీ కంచె పట్టుకుని వేలాడుతూ పెరిగినవాడు. అందుకని అతనికి చేపలంటే ప్రేమ ఉందని అనుకోకండి. ఎదురీది ఎదురీది పుట్టినచోటికి వచ్చి చచ్చేవాటి మీద ప్రేమ పెంచుకోవడం తెలివిగలవాళ్ళ పని కాదని అతనికి చిన్నప్పుడే తెలిసింది.

ఎనిమిది సిమెంటు తొట్లు వరసగా ఉన్నాయి. అన్నింట్లోనూ జానెడు జానెడు స్టీల్‌హెడ్ చేపపిల్లలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఏడాది పాటు పెంచి, తోక ముందరి చిన్న రెక్క కత్తిరించి, హేచరీ చేపని గుర్తు పెట్టి, ఇవాళ పొద్దున లారీలకెక్కించి ఏట్లో వదలాల్సినవి. లారీల వాళ్ళు వచ్చేసరికి తొట్లలోకి ఊటనీళ్ళు తెచ్చే పెద్ద వాల్వు కట్టేసి ఉంది. నీళ్ళు ఆగితే మోగాల్సిన గంట తీగ తెగి ఉంది. రాత్రి కాపలా మనిషి లైల్ కనిపించలేదు. మూడో తొట్టి చివర జల్లెడ దగ్గర చేపల్ని పారలతో తోడుతుంటే, ఒక పార బూటుకు తగిలింది.

"నేరస్థుడు నా బండిలోనే ఉన్నాడు. చూసి కళ్ళు చల్లబరచుకో," అన్నాడు హాల్వర్సన్.

బండి వెనక సీట్లో సంకెళ్ళతో స్కాగ్ కూర్చుని ఉన్నాడు. పడవ మీద షికారు వాళ్ళను గాలాలకు తిప్పే గైడు. కిటికీ అద్దం మీద ఎవరో ఉమ్మిన ఉమ్మి ఇంకా జారుతున్నది. మొన్న ఫిబ్రవరిలో ఊరి సభలో మైకు లాక్కుని, "మీ తొట్టి చేపల్ని నా చేతుల్తో చంపితే గానీ ఈ ఏరు బాగుపడదు," అన్నాడు. మూడువందల మంది విన్నారు. నోరు జారితే వెనక్కి రాదంటారు; స్కాగ్ నోరు జారడం కాదు, నిచ్చెనేసుకుని దిగింది.

ప్రూట్ కిటికీ దించాడు. "రాత్రి ఎక్కడున్నావు?"

"పడవలో పడుకున్నా. సాక్షి కావాలంటే ఏటిని పిలువు."

"ఏరు కోర్టుకు రాదు."

"వస్తే మీరందరూ లోపలుండేవాళ్ళు."

"లైల్‌ను తెలుసా?"

"తెలుసు. పిచ్చి వెధవ. ఈ తొట్టి చేపలు మనుషులన్నట్టు మాట్లాడేవాడు. అయినా వాణ్ణి చంపడానికి నాకేం పని?" స్కాగ్ ముందుకు వంగాడు. "ఎల్డన్, నా సంగతి తర్వాత. కోల్డ్ స్ప్రింగ్ చెరువులో ఇంకో నలభై వేలున్నాయి. మధ్యాహ్నం కెమెరాలు పెట్టి వాటిని ఏట్లో వదులుతాడట నీ కెప్టెన్. ఆపు."

"నీ మెడకు తాడు పడుతుంటే చేపల గొడవా?"

"మెడ పోతే ఒకటే పోతుంది. నిరుడు ఏట్లోకి ఎదురెక్కి వచ్చిన అసలు చేపలు రెండొందల పదకొండు. కత్తెర పడనివి, ఏట్లో పుట్టినవి. ఇప్పుడు వాటి పిల్లలు గులకరాళ్ళ కిందనుంచి బయటికొచ్చే వేళ. ఈ నలభై వేలు వాటి మీద పడితే ఏం మిగుల్తుంది? అవి పోతే ఇక ఏరనేది ఉండదు, మురిక్కాలవ ఉంటుంది."

ప్రూట్ అద్దం పైకెత్తాడు. వెనక హాల్వర్సన్ నవ్వాడు. "విన్నావా? చంపాలన్న కోరిక ఇంకా తీరలేదు వాడికి."

"మధ్యాహ్నం వదలడం నిజమేనా?"

"గవర్నర్ గారి మనిషి వస్తున్నాడు. గూండాలకు భయపడి చేపల శాఖ మూతబడదని జనానికి తెలియాలి. పనిలో పని, ముద్దాయిని కూడా చూపిస్తాను."

"పెళ్ళిలో పిండాకూడు."

"నీకు అసూయ ప్రూట్. నీ ముఖం ఏనాడైనా కెమెరాలో పడిందా?"

ప్రూట్ మూడో తొట్టి దగ్గరికి నడిచాడు. లైల్‌ను గట్టున గోనెపట్టా మీద పడుకోబెట్టారు. తల వెనక రెండు దెబ్బలు. మొదటిది పక్కకు జారింది, రెండోది తీరిగ్గా పడింది. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. బూట్ల తాళ్ళు కట్టుకోలేదు.

"గంట మోగలేదు. మరి ఇతను నిద్రలోంచి ఎందుకు లేచి పరిగెత్తాడు?" అన్నాడు ప్రూట్.

"అలికిడి విన్నాడేమో."

"ఇతని గది ఈ నీళ్ళ పక్కనే. పదకొండేళ్ళుగా ఆ హోరులో పడుకుంటున్నాడు. నీళ్ళ పక్కన పడుకునేవాణ్ణి నిద్రలేపేది చప్పుడు కాదు కెప్టెన్, చప్పుడు ఆగిపోవడం. వాల్వు కట్టేశాకే మెలకువ వచ్చింది. లేచి, చొక్కా వెతుక్కుని, ఇంతదూరం వచ్చాడు. అప్పటికీ హంతకుడు ఇక్కడే ఉన్నాడు. స్కాగ్ అయితే వాల్వు కట్టేసి కంచె దూకి పోడా? ఆగి ఏం చేస్తున్నాడు?"

"చేపలు చస్తుంటే చూసి ఆనందిస్తున్నాడు."

"ఆనందించేవాడు వాల్వు దగ్గర ఆనందిస్తాడు. ఇది మూడో తొట్టి."

ప్రూట్ జేబుకత్తి తీశాడు. మొదటి తొట్టిలోంచి ఒక పిల్లను తీసి పొట్ట చీల్చాడు. రెండో తొట్టి దగ్గరా అదే పని. మూడో తొట్టిలో నాలుగు కోశాడు. తర్వాత నాలుగోది, ఐదోది, చివరి తొట్టి దాకా. చేతులు జిగురయ్యాయి. లారీ డ్రైవర్లు సిగరెట్లు మానేసి చూస్తున్నారు.

"వంట మొదలెట్టావా?" అన్నాడు హాల్వర్సన్. "ఉప్పూ కారం పంపించనా?"

ప్రూట్ ఎడమ అరచెయ్యి చాపాడు. చీల్చిన పొట్టలోంచి గోధుమరంగు మేత గుళికలు కనిపించాయి. కరగలేదు, చెదరలేదు. నోట్లో పడినవి పడ్డట్టే ఉన్నాయి.

"అయితే? చేపలు తిండి తింటాయి. గొప్ప సంగతే కనిపెట్టావు."

"లారీ ఎక్కే చేపకు రెండు రోజుల ముందే మేత ఆపేస్తారు. నిండు పొట్టతో ఎక్కిస్తే దారిలో ట్యాంకు నీళ్ళు కుళ్ళి చస్తాయి. ఇక్కడ పెంపుడు కుక్కకు కూడా తెలుసు ఆ సంగతి. కానీ మొదటి రెండు తొట్లలో కోసినవి తిన్నాయి. మూడో దాంట్లో సగం తిన్నాయి. నాలుగు నుంచి ఎనిమిది దాకా పొట్టలు ఖాళీ." ప్రూట్ చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మేత వేస్తున్నవాడు మూడో తొట్టి దగ్గర ఆగిపోయాడు. లైల్ కూడా మూడో తొట్టి దగ్గరే ఆగిపోయాడు."

హాల్వర్సన్ కనురెప్ప ఒకసారి ఆడింది, అంతే. తర్వాత గడియారం చూసుకున్నాడు.

"నేను పోవాలి. ఈ కంపును లోడరు యంత్రంతో గుంటలోకి తోసి సున్నం కొట్టమని చెప్పాను. కావాలంటే నువ్వూ ఒక పార పట్టుకో."

"అది సాక్ష్యం."

"అది ప్రభుత్వం వారి చేప. నా పరిధి. నీ మనిషిని నువ్వు తీసుకుపో, అందుకేగా వచ్చావు."

బండి కదిలింది. వెనక అద్దంలోంచి స్కాగ్ ముఖం ప్రూట్‌నే చూస్తూ పోయింది.

హేచరీ మేనేజరు వెర్న్ గ్రీబ్ తన వంటింట్లో కూర్చుని ఉన్నాడు. ముందు కాఫీ చల్లారి మీగడ కట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ ఇల్లూ, ఆ తొట్లే అతని లోకం. భార్య ఈ ఇంట్లోనే పోయింది. ప్రూట్ కూర్చోకుండా, పొట్ట చీల్చిన చేపను తీసి కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"మేత గది తాళం ఎవరి దగ్గరుంటుంది వెర్న్?"

"నా దగ్గర... లైల్ దగ్గర."

"లైల్ తాళాలు మంచం పక్కన మేకుకే ఉన్నాయి. తీసుకునేంత తీరిక కూడా లేకుండా పరిగెత్తాడు పాపం. మేత గది తాళం పగల్లేదు."

గ్రీబ్ చేప వంక చూడలేదు. "ఇంతకీ నువ్వేమంటావు?"

"నేననేది ఒకటే. చేపల్ని చంపడానికి వచ్చినవాడు వాటికి అన్నం ఎందుకు పెడతాడు? మొదట నాకు ఇంకోటి తోచింది. కడుపు నిండితే చేప గాలి ఎక్కువ తాగుతుంది, త్వరగా చస్తుంది. తెలిసినవాడు కావాలనే మేపాడేమో అనుకున్నా. నిజం చెప్పు, అంత కసాయివా నువ్వు?"

గ్రీబ్ మొదటిసారి చేప వంక చూశాడు. ప్రూట్‌కు కావలసింది అదే. జాలిపడితే మనిషి అబద్ధం చెప్తాడు, చేయని పాపం మీద వేస్తే చేసిన పాపం చెప్పేస్తాడు. ఈ విద్య ఏ బళ్ళోనూ నేర్పరు.

"కాదు," అన్నాడు గ్రీబ్. "త్వరగా చావాలని కాదు ఎల్డన్. ఒట్టు. వాల్వు కట్టేసి వచ్చేద్దామనే అనుకున్నా. టార్చి వెలుగు పడేసరికి అన్నీ పైకి లేచాయి. రెండు రోజుల ఆకలి. నేను వచ్చాను గదా, పెడతాననుకున్నాయి. నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. గుడ్డులో కళ్ళు నల్లబడ్డనాటి నుంచీ నా చేత్తో పెంచా. ఖాళీ కడుపుతో పంపడానికి చెయ్యి రాలేదు."

"లైల్ మీదికి మాత్రం వచ్చింది."

"వాడు వాల్వు తిప్పడానికి నన్ను దాటి పోబోయాడు. 'వెర్న్ నీకు మతిపోయిందా' అంటూ ఏడుస్తున్నాడు. నా చేతిలో వాల్వు తిప్పే ఇనప రెంచి ఉంది. ఆపుదామనే కొట్టా."

"రెండో దెబ్బ?"

"లేస్తాడేమోనని."

బయట లోడరు ఇంజను చప్పుడు మొదలైంది. ప్రూట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎందుకు చంపావు వాటిని?"

"జబ్బు. రక్తం జబ్బు. కళ్ళు ఉబ్బుతున్నాయి, రెక్కల మొదట్లో నెత్తురు చుక్కలు. మూడేళ్ళ కిందట ఒకసారి వచ్చింది. ఇంకోసారి వస్తే హేచరీ మూసేస్తామని కోర్టులో రాసిచ్చారు మావాళ్ళు. మూసేస్తే నేనెక్కడికి పోను? ఎవరికీ చెప్పలేదు. పరీక్షకూ పంపలేదు. శత్రువు చంపాడంటే ఎవరూ పొట్ట కోసి చూడరనుకున్నా. స్కాగ్ తనంత తానే మైకులో చెప్పుకున్నాడు గదా."

"వాడి నోరు నీ పనికొచ్చింది."

"వాడికి పోయేదేముంది? పెళ్ళామా, పిల్లలా?"

ప్రూట్ తిట్టడానికి నోరు తెరిచి, సగంలో ఆగిపోయాడు. అతనికి ఇంకో సంగతి తట్టింది. "చెరువులో ఉన్న నలభై వేలు ఎక్కడివి?"

గ్రీబ్ కప్పును అటూ ఇటూ తిప్పాడు. "ఏటి వాసన పట్టి, పెద్దయ్యాక మళ్ళీ ఇక్కడికే తిరిగి రావాలని మార్చిలో ఇక్కణ్ణించే పంపాం."

"వాటికీ ఉందా?"

"ఆదివారం చూసొచ్చా. వాటికే ముందు ముదిరింది. ఇక్కడ పని కాగానే అక్కడికి వెళ్ళి బ్లీచింగు పోద్దామనుకున్నా. లైల్ అలా అయ్యాక కాళ్ళు కదల్లేదు."

"ఏట్లోకి పోతే?"

"గులకరాళ్ళలోంచి ఇప్పుడే లేచే పిల్లలకు అంటితే పదింటికి తొమ్మిది పోతాయి. ఆ మిగిలిన ఒకటీ బతుకుతుందని నేను చెప్పను."

ప్రూట్ ఫోను తీశాడు. హాల్వర్సన్ వెంటనే ఎత్తాడు. వెనక జనం గోల వినిపిస్తున్నది.

"గ్రీబ్ ఒప్పుకున్నాడు. స్కాగ్ కాదు. ఆ చెరువు చేపలకు జబ్బు ఉంది. వదలొద్దు."

హాల్వర్సన్ గొంతు తగ్గించాడు.

"ఇది ఇంకెవరు విన్నారు?"

"నేను విన్నా. చాలదా?"

"సంతకం పెట్టాడా?"

"కెప్టెన్, ముందు చెరువు నీళ్ళను ఆపే ఆ చెక్కలు..."

"ఇక్కడ గవర్నర్ గారి మనిషి మూడు కెమెరాల ముందు నిలబడి ఉన్నాడు. ముద్దాయిని దొరకబుచ్చుకున్నానని ఇప్పుడే చెప్పా. మళ్ళీ అదే నోటితో కాదనమంటావా? లైను సరిగ్గా లేదు ప్రూట్. నాకేమీ వినిపించలేదు." తర్వాత ఫోను కాస్త పక్కకు జరిపి, అందరికీ వినపడేలా, "కానివ్వండి, చెక్కలు లాగండి," అన్నాడు. చప్పట్లు వినిపించాయి. చప్పట్ల వెనక నీళ్ళ హోరు.

ప్రూట్ గ్రీబ్‌కు సంకెళ్ళు వేసి కారులో తోశాడు. వాకిట్లో లోడరు తొట్లన్నీ ఊడ్చేసి గుంటలో పోస్తున్నది. తెల్లటి సున్నం పొగలా లేస్తున్నది. ఆగి అడ్డుపడితే ఇక్కడి సాక్ష్యం మిగులుతుంది, అక్కడి ఏరు పోతుంది. అతను ఆగలేదు.

చెరువు నుంచి ఏటికి మైలున్నర కాలువ. ఒకప్పుడు గడ్డి రైతులు తవ్వుకున్నది. దారిలో రోడ్డు వంతెన పక్కన రెండు తూములున్నాయి. ఒకటి నేరుగా ఏటికి, రెండోది పక్కనున్న పశుగ్రాసం చేలోకి. ఆ తూముల మీద కూర్చుని ప్రూట్ చిన్నప్పుడు కప్పలు పట్టాడు. కారు దిగి పరిగెత్తేసరికి నీళ్ళు అప్పటికే నల్లగా మెలికలు తిరుగుతూ వస్తున్నాయి. నీళ్ళ కన్నా చేపలే ఎక్కువున్నట్టున్నాయి. ఏటి తూము చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కారు జాకీ రాడ్డు దూర్చి వేలాడాడు. అరచేతుల తోలు ఊడింది. చక్రం కదిలేలోగా తూము కిందనుంచి ఏటివైపు మెరుపులు మెరుపులుగా దూరిపోవడం చూస్తూనే ఉన్నాడు.

తలుపు దిగింది. రెండో తూము తెరిచాడు. కాలువ ఒక్కసారిగా పక్కకు తిరిగి చేలో పడింది.

నలభై వేల చేపలు పచ్చగడ్డిలో ఎగిరెగిరి పడ్డాయి. వడగళ్ళు కురిసినట్టు చప్పుడు. నీళ్ళు నేలలోకి ఇంకిపోతుంటే అవి నోళ్ళు తెరిచి మూశాయి. నీటికాకులు ఎక్కణ్ణించి వచ్చాయో వచ్చాయి. ప్రూట్ ఆయాసపడుతూ చూశాడు. పొద్దున్నుంచీ తను వెతికిన నేరం ఇదే. ఇప్పుడు తన చేతుల్తో చేసింది కూడా ఇదే.

హాల్వర్సన్ బండి దుమ్ము రేపుతూ వచ్చి ఆగింది. వెనకే కెమెరాల వాళ్ళు.

"చూశారా? తోడుదొంగ ఎవరో దేవుడే చూపించాడు," అన్నాడు హాల్వర్సన్.

"గ్రీబ్‌ను అడుగు. ఇక్కడే, వీళ్ళందరి ముందూ అడుగు."

హాల్వర్సన్ తాపీగా కారు తలుపు తెరిచి గ్రీబ్ భుజం మీద చెయ్యి వేశాడు. "మిస్టర్ గ్రీబ్, మీ చేపలకు ఏదైనా జబ్బుందా? బాగా ఆలోచించి చెప్పండి. హేచరీ భవిష్యత్తు మీ మాట మీద ఉంది."

గ్రీబ్ ప్రూట్ ముఖం చూశాడు, కెమెరా చూశాడు, భుజం మీది చెయ్యి చూశాడు. "లేదు. ఆరోగ్యంగానే ఉన్నాయి. ఈయన నన్ను బెదిరించి ఏదేదో చెప్పించాలని చూశాడు."

"లైల్‌ను ఎవరు చంపారు?"

"స్కాగ్."

ఆ మాట చెప్పడానికి గ్రీబ్‌కు ఏ కష్టమూ కలగలేదు. లేస్తాడేమోనని మళ్ళీ కొట్టడం అలవాటైన చెయ్యి అది.

"ఇక్కడ నలభై వేలున్నాయి కెప్టెన్," అన్నాడు ప్రూట్. "ఒక్కదాన్ని కోసి పరీక్ష చేయిస్తే చాలు. అన్నీ పూడ్చగలవా?"

"సున్నం చవక," అన్నాడు హాల్వర్సన్. వైర్‌లెస్‌లో లోడరును పిలిచి, గ్రీబ్ చేతి సంకెళ్ళు విప్పించి, వాటినే ప్రూట్ చేతులకు తగిలించాడు.

గ్రీబ్‌ను హాల్వర్సన్ బండి ముందు సీట్లో మర్యాదగా కూర్చోబెట్టారు. ప్రూట్‌ను వెనక, స్కాగ్ పక్కన కుక్కారు. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య ఇనప జాలీ. హాల్వర్సన్ బయట కెమెరాలతో మాట్లాడుతున్నాడు.

స్కాగ్ గొంతు తగ్గించి అడిగాడు. "ఎందుకు చేశావు? పొద్దున నేనడిగితే వినలేదే."

"జబ్బు చేపలు. గ్రీబ్‌కు తెలుసు. లైల్‌ను చంపిందీ అతనే."

"ఏట్లోకి ఒక్కటి కూడా పోలేదు గదా?"

ప్రూట్ తోలు ఊడిన అరచేతుల వంక చూసుకున్నాడు.

"ఎల్డన్, ఎన్ని దాటాయి?"

"చక్రం బిగుసుకుపోయింది. నేను చూస్తుండగానే... వందలు. ఇంకా ఎక్కువేనేమో."

స్కాగ్ తలాడించాడు. అరవలేదు, అద్దం గుద్దలేదు. ప్రూట్ తన ఉద్యోగంలో చాలామంది ముఖాలు చూశాడు గానీ, ఒక్క క్షణంలో అంత ప్రశాంతంగా మారిపోయిన ముఖాన్ని చూడలేదు.

"హంతకుడని పేరు పెట్టారు గదా నాకు," అన్నాడు స్కాగ్ మెల్లగా, జాలీకి అవతల గ్రీబ్ మెడ వైపు చూస్తూ. "పొద్దున ఆ పేరు బరువుగా అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు."